వదిలిన ఊపిరే మళ్లీ పీల్చాలంటే...

‘‘నేవీ వాళ్లు కూడ వచ్చిన్రంట గద సార్. నీళ్లల్ల మునిగి లోపలున్నోళ్లను తీస్కరారా?’’

2025 ఫిబ్రవరి చివరి వారం. దేవరకొండలో ఓ టీకొట్టు దగ్గర పెద్దాయనొకరు అడిగిన ప్రశ్న ఇది. ఆ నెల 22న ఉదయం దోమలపెంట వైపు ఎస్సెల్బీసీ సొరంగంలో, దాదాపు 14 కిలోమీటర్ల లోపల పైకప్పు కూలింది. ఎనిమిది మంది చిక్కుకుపోయారు. శ్రీశైలం జలాశయం నీళ్లను నల్లమల కొండల కిందుగా నల్గొండ చేలకు మళ్లించాలని తలపెట్టిన 44 కిలోమీటర్ల సొరంగమది. పైన పులుల అడవి. లోపలికి వెళ్లాలన్నా బయటికి రావాలన్నా అటునుంచి ఒక్కటే దారి. ఆర్మీ వచ్చింది. నేవీ కమాండోలొచ్చారు. సింగరేణి రెస్క్యూ దళాలొచ్చాయి. కానీ లోపల ఉన్నది ఈదగలిగే నీరు కాదు. బురద, రాళ్లు, ముక్కలైన యంత్రం, ఆగకుండా వచ్చే ఊట. మార్చి 9న ఒకరి మృతదేహం, 25న మరొకరిది దొరికాయి. ఏప్రిల్ నెలాఖరుకు గాలింపు నిలిపేసేనాటికి మిగతా ఆరుగురి జాడ తెలియలేదు.

‘‘నీళ్లు కాదు తాతా, బురద’’ అన్నాను ఆరోజు. ఆయన తల ఊపి టీ తాగేశాడు. నాకే తృప్తిగా అనిపించలేదు. అసలు నీళ్లే అయితే? దారి తెలియని చీకట్లో, గంటల తరబడి మనిషి వెళ్లి రాగలడా? రాగలడు. అందుకో పరికరం ఉంది. రీబ్రీదర్ అంటారు. నేవీ కమాండోలకు అది బాగా అలవాటైన వస్తువు. విచిత్రమేమిటంటే దాని తొలి చరిత్రలోనూ ఓ మునిగిపోయిన సొరంగమే ఉంది. అక్కడికి వెళ్లేముందు అదెలా పనిచేస్తుందో చూద్దాం.

మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతం. వదిలే గాలిలో ఇంకా 16, 17 శాతం ఉంటుంది. అంటే ఒంటికి పట్టేది కొంచెమే. మామూలు స్కూబా డైవర్ ఆ మిగిలినదంతా బుడగలుగా నీళ్లపాలు చేస్తాడు. లోతుకు వెళ్లేకొద్దీ ఈ దుబారా పెరుగుతుంది. 30 మీటర్ల అడుగున పీడనం నాలుగింతలు. ఒక్కో శ్వాసకీ సిలిండర్లోంచి నాలుగింతల గాలి ఖర్చు. రీబ్రీదర్లో బుడగ బయటికి రాదు. వదిలిన ఊపిరి ఓ గొట్టంలోంచి డబ్బాలోకి వెళ్తుంది. అక్కడ కార్బన్ డయాక్సైడ్ ఆగిపోతుంది. తగ్గిన ఆక్సిజన్‌ను చిన్న సిలిండర్ కొద్దికొద్దిగా కలుపుతుంది. అదే గాలి సంచిలోంచి మళ్లీ నోటికి. మూడు లీటర్ల సిలిండర్‌ని 200 బార్ల పీడనంతో నింపితే 600 లీటర్ల ఆక్సిజన్. నిమిషానికి లీటరున్నర వాడే కష్టమైన పనికి కూడా లెక్కప్రకారం ఆరు గంటల పైమాటే.

మరి డబ్బాలో ఏముంటుంది? సోడాలైమ్ గుళికలు. పెద్ద పేరే కానీ అందులో ముప్పాతిక భాగానికి పైగా మన తాంబూలంలోకి రాసుకునే సున్నమే. బడిలో సున్నపుతేటలోకి ఊదితే పాలలా తెల్లబడేది గుర్తుందా? ఇక్కడా జరిగేదదే. ఊపిరి తగిలి సున్నం మళ్లీ సున్నపురాయవుతుంది. మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు సిమెంటు ఫ్యాక్టరీలు తవ్వుకునే సున్నపురాయిలోనూ ప్రధాన పదార్థం అదే! ఈ మార్పులో వేడి, తేమ కూడా పుడతాయి. అందుకే చన్నీళ్లలో ఉన్న డైవర్ వెచ్చటి ఊపిరి పీలుస్తాడు.

ఇప్పుడు సొరంగం సంగతి. ఇంగ్లాండులో హెన్రీ ఫ్లూస్ అనే ఆయన 1878లో ఇలాంటి పరికరం తయారుచేశాడు. సున్నానికి బదులు క్షారంలో తడిపిన నారపీచు వాడాడు. ఆ మరుసటేడు సెవెర్న్ నది కింద తవ్వుతున్న రైలు సొరంగంలోకి పెద్ద ఊట తన్నుకొచ్చి మొత్తం మునిగిపోయింది. లోపల దాదాపు 300 మీటర్ల దూరంలో ఓ ఇనుప తలుపు తెరిచే ఉండిపోయింది. దాన్ని మూస్తేగానీ పంపులు నీటిని తోడలేవు. పైనుంచి గాలి గొట్టం తగిలించుకుని వెళ్లిన అలెగ్జాండర్ లాంబర్ట్ అనే డైవర్ ఆ గొట్టాన్ని లాగలేక వెనక్కొచ్చేశాడు. 1880 నవంబరులో ఫ్లూస్ పరికరం వీపున కట్టుకుని మళ్లీ దిగాడు. కటిక చీకటి. చేత్తో తడుముకుంటూ నడక. మొదటిసారి తలుపుకు అడ్డమున్న పట్టాల్లో ఒకటే ఊడింది. మళ్లీ వెళ్లి రెండోదీ తీసి తలుపు మూశాడు. పక్కనున్న కవాటాన్ని చెప్పినన్ని చుట్లు తిప్పి మరీ వచ్చాడు. తీరా నీళ్లన్నీ తోడాక చూస్తే ఆ కవాటం ఎడమచేతి మరది. ముందే మూసి ఉన్నదాన్ని ఆయన శ్రద్ధగా తెరిచి వచ్చాడన్నమాట! ధైర్యానికి లోటు లేదు. మర ఎటు తిరుగుతుందో ముందుగా ఎవరూ చూసుకోలేదంతే.

రీబ్రీదర్ వ్యవహారమంతా ఇంతే. నీళ్లలో చూపే సాహసం కన్నా గట్టుమీద చేసే చాకిరీ ఎక్కువ.

ఎందుకంటారా? మన ఒంట్లో ఓ లోపముంది. ఊపిరాడనప్పుడు కలిగే ఉక్కిరిబిక్కిరి ఆక్సిజన్ తగ్గినందుకు కాదు, ప్రధానంగా కార్బన్ డయాక్సైడ్ పెరిగినందుకు. రీబ్రీదర్లో దాన్ని సున్నం మింగేస్తుంటుంది కదా. ఆక్సిజన్ వాల్వ్ తెరవడం మర్చిపోయాడనుకోండి. ఆయాసం రాదు, గుండెలో బరువుండదు. హాయిగానే ఉంటుంది. ఉన్నట్టుండి స్పృహ పోతుంది. అంతకుముందు హెచ్చరిక ఏదీ అందకపోవచ్చు. ఎక్కువైనా ముప్పే. ఆక్సిజన్ పీడనం 1.6 బార్ దాటితే ఫిట్స్ వచ్చే ప్రమాదం పెరుగుతుంది. నీళ్లలో ఫిట్సంటే నోట్లోని గొట్టం ఊడిపోవడం, మునిగిపోవడం. అందుకే స్వచ్ఛమైన ఆక్సిజన్‌తో ఆరు మీటర్ల లోతు దాటకూడదంటారు.

ఒళ్లు చెప్పదు కాబట్టి మీటరు చెప్పాలి. ఆ మీటరు నిజం చెబుతోందో లేదో మనిషి కనిపెట్టాలి. పరికరంలో సాధారణంగా మూడు ఆక్సిజన్ సెన్సర్లుంటాయి. రెండు ఒకలా, మూడోది మరోలా చూపిస్తే యంత్రం మెజారిటీ మాట నమ్ముతుంది. పాతబడ్డ రెండు సెన్సర్లు కలిసి తప్పు చెబితే, నిజం చెప్పే కొత్తది ఓడిపోతుంది. (మన పంచాయతీల్లో జరగదా ఏంటి!) అందుకే బాగానే పనిచేస్తున్నట్టు కనిపించినా తయారీ తేదీ చూసి ఏడాదికో, ఏడాదిన్నరకో మార్చేస్తారు. మూడూ ఒకే బ్యాచ్‌వి కొనరు.

సున్నం నింపడమూ ఓ పనితనమే. మానికతో ధాన్యం కొలిచేటప్పుడు తట్టి తట్టి నింపినట్టు నింపాలి. ఎక్కడైనా సందుంటే ఊపిరి అందులోంచే జారిపోతుంది. కార్బన్ డయాక్సైడ్ జారిపోతుంది. రెండున్నర కిలోలు మామూలుగా మూడు గంటలు పనిచేస్తాయి. చల్లటి నీళ్లలో, కష్టపడే పనిలో ఇంకా తక్కువ. వాడిన సున్నం చూడటానికి కొత్తదానిలాగే ఉంటుంది. రంగు మారే రకాలు కూడా కాసేపు పక్కన పెడితే మళ్లీ తెల్లబడతాయి. కాబట్టి కంటిని నమ్మకుండా, ఎన్ని నిమిషాలు వాడారో డబ్బా మీద రాసుకోవాలి. ‘ఇంకో అరగంట వస్తుందిలే’ అనుకోవడం ఈ పనిలో అన్నిటికన్నా ఖరీదైన పొదుపు.

ఆ తర్వాత లోపలి గాలిని పీల్చేసి, సంచులు ముడుచుకునే ఉన్నాయా అని చూస్తారు. గాలి నింపి, ఉబ్బి అలాగే ఉన్నాయా అనీ చూస్తారు. రెంటిలో ఏది తప్పినా ఎక్కడో కన్నముందని అర్థం. నీళ్లు సున్నంలోకి చేరితే నోట్లోకొచ్చేది క్షారం. గొంతు కాలిపోతుంది. చివరిగా గట్టుమీదే కూర్చుని, ముక్కు మూసుకుని, మీటరు చూస్తూ అయిదు నిమిషాలు పరికరంతో ఊపిరి పీల్చాలి. సున్నం సరిగా పనిచేయకున్నా ఈ అయిదు నిమిషాల్లో చాలామంది పసిగట్టలేరని ప్రయోగాల్లో తేలింది. అందుకే ఇది మిగతా తనిఖీలకు తోడే కానీ బదులు కాదు. ఇదంతా కంఠతా వచ్చినవాళ్లు కూడా కాగితం చూసి ఒక్కోటీ టిక్కు పెట్టుకుంటారు. పక్కన వేరే సిలిండర్ తప్పనిసరి. తేడా అనిపిస్తే దానికి మారిపోవాలి. పైకొచ్చాక గొట్టాలు, సంచులు మందునీళ్లతో కడిగి ఆరబెట్టాలి. తడి ఊపిరి తిరిగేచోట సూక్ష్మక్రిములకు కొదవా?

ఇంత చేసినా ఒక్కోసారి ఒళ్లే ఓడిపోతుంది. 2005 జనవరి 8న దక్షిణాఫ్రికాలోని బుష్‌మన్స్ హోల్ అనే నీటిగుహలో ఆస్ట్రేలియా డైవర్ డేవ్ షా చనిపోయాడు. పదేళ్ల కిందట అక్కడ మునిగిన ఓ కుర్రాడి మృతదేహాన్ని తల్లిదండ్రులకు అప్పగించాలని 270 మీటర్ల లోతుకు వెళ్లాడు. ఆ లోతున గాలి చిక్కగా ఉంటుంది. పెనుగులాడి పనిచేయడంతో ఆయాసం పెరిగింది, ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయింది. హెల్మెట్ కెమెరా ఆ చివరి నిమిషాల ఊపిరి చప్పుడుని నమోదు చేసింది.

మనకు దగ్గర్లో ఇలాంటి పరికరం చూడాలంటే సముద్రందాకా పోనక్కర్లేదు. బొగ్గుగనుల రెస్క్యూ దళాల వీపున ఉండేదీ దీని తోబుట్టువే. నీళ్లకు బదులు పొగ, విషవాయువులు. సూత్రం ఒకటే. ఒక్కరే లోపలికి వెళ్లరు, జట్టుగా వెళ్తారు. పరికరంలో గాలి సగమయ్యాక కాదు, అంతకన్నా ముందే వెనక్కి తిరుగుతారు. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో మంటలు లేచి తొమ్మిది మంది చనిపోయినప్పుడు, కాపాడదామని వెళ్లినవాళ్లను గంటల తరబడి నిలవరించింది ఆ పొగే.

ఇక పరికరమేదీ లేకుండా మనవాళ్లు దిగేచోటు ఒకటుంది. పాత బాయి. నల్గొండలో, మహబూబ్‌నగర్‌లో ఎన్ని లేవు! పూడిక తీయడానికో, మోటారు బాగుచేయడానికో ఒకరు దిగుతారు. ఆకులు కుళ్లి ఆక్సిజన్ తగ్గి ఉంటుంది, కార్బన్ డయాక్సైడ్ అడుగున పేరుకుని ఉంటుంది. మనిషి ఉలుకూ పలుకూ లేకుండా పడిపోతాడు. పైనున్న తమ్ముడు ‘అన్నా’ అంటూ దూకుతాడు. ఆ తర్వాత మూడో మనిషి. మూడో మనిషికి తెలిసినదీ మొదటి మనిషికి తెలిసినంతే.

మా తాత బాయిలోకి ఎవర్నీ నేరుగా దిగనిచ్చేవాడు కాదు. ‘‘ఆగుండ్రి. ముందుగాల కందీలు దించుండ్రి’’ అనేవాడు. తాడుకు కట్టిన కందీలు అడుగుదాకా వెలుగుతూ వెళ్తేనే మనిషి. చిన్నప్పుడది చాదస్తమనుకున్నా. ఆక్సిజన్ 16, 17 శాతానికి పడిపోతే దీపం ఆరిపోతుంది. ఆ లెక్కలేవీ తెలియకుండానే ఆయన దీపాన్ని సెన్సర్ చేసుకున్నాడు. అయితే ఆ దీపానికీ ఓ గుడ్డితనముంది. డీజిల్ ఇంజిన్ వదిలే కార్బన్ మోనాక్సైడ్, మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ ఉన్నా అది నిక్షేపంగా వెలుగుతుంది. మండే వాయువుంటే నిప్పే ప్రమాదం. కాబట్టి ఇప్పుడు దించాల్సింది కందీలు కాదు, గ్యాస్ మీటరు. అది లేకపోతే దిగొద్దు. పడిపోయిన మనిషి కళ్లెదుట కనిపిస్తున్నా దూకొద్దు. 112కో, 101కో ఫోన్ చేసి, బ్లోయర్ దొరికితే పైనుంచే అడుగుకు గాలి కొట్టించాలి. అతని నడుముకు ముందే తాడు కట్టి ఉంటే పైనుంచే లాగొచ్చు. తాడు కట్టాల్సింది దిగేముందు.