నడిచి తెలుసుకునే నగరం

ఒక ఊరిని చూడటం వేరు, ఆ ఊరిని తెలుసుకోవడం వేరు. వాహనంలో కూర్చుని చూసేవారికి కట్టడాలు కనిపిస్తాయి. తెలిసినవారి వెంట కాలినడకన తిరిగేవారికి ఆ కట్టడాల వెనుక ఉన్న మనుషులు కూడా కనిపిస్తారు. ఇటలీ వాయవ్య తీరాన ఉన్న జెనోవా రేవుపట్టణం ఇందుకు చక్కని నిదర్శనం.

వెనుక కొండలు, ముందు సముద్రం. ఈ రెండింటి నడుమ ఉన్న కొద్దిపాటి నేల మీదనే పాత జెనోవా పెరిగింది. చోటు చాలక ఇళ్లు ఎత్తు పెరిగాయి, వీధులు సన్నబడ్డాయి. 'కరుజ్జి' అని స్థానికులు పిలిచే ఆ సందుల్లో కొన్నిచోట్ల చేతులు చాపితే రెండువైపుల గోడలూ తగులుతాయి. అక్కడ కాళ్లే వాహనాలు. అయితే కాళ్లు ఉంటే చాలదు, దారి చెప్పే నోరు కూడా కావాలి.

ఆ నోరు నిజం చెప్పాలి. పన్నెండవ శతాబ్దంలో కట్టిన సోప్రానా కోటద్వారం పక్కనే కొలంబస్ ఇల్లుగా పేరుపొందిన చిన్న కట్టడం ఉంది. ఆ మహానావికుడు బాల్యంలో తిరిగిన గోడలు ఇవేనని చెబితే వినేవారు పులకించిపోతారు. కాని 1684లో ఫ్రెంచి నౌకాదళం కురిపించిన గుండ్లకు ఆ ఇల్లు ధ్వంసమైంది. నేడు ఉన్నది పద్దెనిమిదవ శతాబ్దపు పునర్నిర్మాణం. మంచి మార్గదర్శి ఈ మాట దాచడు. దాచకపోవడం వల్ల ఆ స్థలం విలువ తగ్గదు, చెప్పినవాని మాటకు విలువ పెరుగుతుంది.

నిజం అన్నివేళలా మధురంగా ఉండదు. గరిబాల్ది వీధిలో బారులు తీరిన భవనాలు పదహారవ శతాబ్దంలో స్పెయిన్ రాజులకు అప్పులిచ్చిన ధనిక కుటుంబాలవి. రాజ్యానికి వచ్చే అతిథులకు విడిది ఇవ్వవలసిన భవనాల పట్టికలను అప్పటి ప్రభుత్వం 1576 నుండి తయారు చేయించింది. ఆ భవనాలలో 42 కలిగిన ప్రాంతాన్ని యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. వాటి అందాన్ని మెచ్చుకోవలసిందే. అయితే మధ్యయుగాల్లో ఈ రేవు వర్తకులు నల్లసముద్ర తీరం నుండి మనుషులను కూడా తెచ్చి బానిసలుగా అమ్మారు. నగరపు సంపద కథలో ఇదీ ఒక భాగమే. విహారానికి వచ్చినవారికి ఈ చేదు ఎందుకని కొందరు అనవచ్చు. కీర్తిని మాత్రమే వినిపించేది చరిత్ర కాదు, పొగడ్త. అదే నగరం తానూ గాయపడింది. 1941 ఫిబ్రవరి 9న బ్రిటిష్ నౌకలు ప్రయోగించిన గుండు ఒకటి సాన్ లోరెంజో ప్రధాన దేవాలయంలోకి దూసుకువచ్చి పేలకుండా నిలిచిపోయింది. ఆ జ్ఞాపకంగా ఒక గుండును నేటికీ అక్కడ చూపిస్తున్నారు. చేసిన తప్పునూ పడ్డ బాధనూ ఒకే గొంతుతో చెప్పగలిగినప్పుడే వినేవారికి నగరం సమగ్రంగా అర్థమవుతుంది.

నడక రేవు దగ్గరికి చేరేసరికి తెలుగువారికి ఆత్మీయమైన ఒక సంగతి ఎదురవుతుంది. అక్కడ 1260లో కట్టిన సాన్ జార్జియో భవనం ఉంది. వెనిస్, జెనోవాల మధ్య జరిగిన యుద్ధంలో బందీ అయిన మార్కోపోలోను ఇందులోనే ఉంచారని ప్రతీతి. ఆ చెరసాల ఇదే అన్నది వాడుకలో ఉన్న మాట. 1298 ప్రాంతంలో జెనోవా చెరలో ఉండగా అతడు తన యాత్రావిశేషాలు చెప్పగా, పీసా నగరానికి చెందిన రుస్తికెల్లో అనే సహఖైదీ గ్రంథస్థం చేశాడన్నది చరిత్ర. ఆ గ్రంథంలో మన మోటుపల్లి రేవు ఉంది. అక్కడి వజ్రాలు, సన్నని వస్త్రాలు, న్యాయంగా పాలించే రాణి ఉన్నారు. ఆ రాణి రుద్రమదేవి. అయితే మార్కోపోలో ఆమెను రాజు భార్యగా పేర్కొన్నాడు. ఆమె గణపతిదేవుని కుమార్తె అని కాకతీయ శాసనాలు తెలుపుతున్నాయి. గొప్ప యాత్రికుడు చెప్పినా సరిచూసుకోవలసిందేనని ఈ ఒక్క పొరపాటు బోధిస్తుంది.

చేతిలో ఫోను ఉంటే వివరాలన్నీ తెలిసిపోతాయి, మనిషి ఎందుకని నేడు అడిగేవారున్నారు. ఫోను అడిగినదానికి సమాధానం చెబుతుంది. ఏమి అడగాలో తెలియనివారికి ప్రశ్నను అందించేది మనిషే. జెనోవాలో ఏటా కొన్ని రోజులు ఆ పాత భవనాల తలుపులు ప్రజలకు తెరుస్తారు. యువ పరిశోధకులు గదుల్లో నిలబడి వచ్చినవారికి వాటి చరిత్ర వివరిస్తారు. తమ ఊరి కథను యువతరం స్వయంగా నేర్చి ఇతరులకు చెప్పడం కంటే మించిన సంరక్షణ లేదు.

ఇప్పటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లిలో గణపతిదేవుడు క్రీ.శ. 1244లో వేయించిన శాసనం ఉంది. గాలివానకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరకును పూర్వపు రాజులు స్వాధీనం చేసుకునేవారనీ, తాను మాత్రం నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోననీ ఆ ప్రభువు పరదేశి వర్తకులకు అందులో అభయమిచ్చాడు. జెనోవా చెరలో ఒక ఖైదీ నోట పలికిన ఊరు ఇది. రాతిమీద ఉన్నంత మాత్రాన చరిత్ర బతికి ఉన్నట్లు కాదు. ఆ రాతిని చదివి, తప్పొప్పులు సరిచూసి, పక్కన నడిచేవారికి వివరించే మనిషి ఉన్నప్పుడే అది బతుకుతుంది. అలాంటి మనుషులు తయారుకావలసింది ఆ ఊళ్లలోనే, ఆ చుట్టుపక్కల కళాశాలల్లోనే.