రిఫర్ చీటీ వైద్యం కాదు



చర్ల, దుమ్ముగూడెం మండలాల అడవి పల్లెల నుంచి గర్భిణులను డోలీ కట్టి మోసుకొచ్చిన వార్తలు మీరు చదివే ఉంటారు. అంత కష్టపడి చేరిన తల్లి చేతిలో మనం తరచుగా పెట్టేది ఒక చీటీ: భద్రాచలం తీసుకువెళ్ళండి. అక్కడి నుంచి మరో చీటీ: సుమారు 120 కిలోమీటర్ల దూరంలోని ఖమ్మానికి. ఈ చీటీనే మనం వైద్యమని పిలుచుకుంటున్నాం.

నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి సుమారు అర లీటరు రక్తం ప్రవహిస్తుంది. కాన్పయ్యాక ఆ సంచి బిగుసుకోకపోతే రెండు గంటలలోపే తల్లి ప్రాణం పోవచ్చు. పుట్టి ఊపిరి తీయని బిడ్డకు మొదటి నిమిషమే కీలకం. ఆ నిమిషంలో కాన్పు గదిలో ఉండేది, చాలాసార్లు, డాక్టరు కాదు, నర్సు.

ఆమె చేయవలసినవేవీ ఆపరేషన్ థియేటర్ అడగవు. ఆక్సిటోసిన్ ఇంజెక్షన్, గర్భసంచి మర్దన, మూడు గంటలలోపు ట్రానెక్సామిక్ యాసిడ్, గుర్రపు వాతానికి మెగ్నీషియం సల్ఫేట్ మొదటి మోతాదు, బిడ్డకు బ్యాగు, మాస్కు. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల ఆసుపత్రులలో కారుతున్న రక్తాన్ని కొలతల సంచిలో పట్టి, చికిత్సలన్నీ వెంటనే కలిపి అందించగా, తీవ్ర రక్తస్రావం, దాని దుష్ఫలితాలు 60 శాతం తగ్గాయని 2023లో వెల్లడైంది. ఆ దేశాల నర్సులు చేయగలిగినది మన నర్సులు చేయలేరా?

"శిక్షణ ఇచ్చాం కదా" అంటారు అధికారులు. అటువంటి శిక్షణలు ఇచ్చినవాడినే నేను. ఆ తప్పులో నాకూ వాటా ఉంది. ఉపన్యాసం, భోజనం, సర్టిఫికెట్. నెల తరువాత ఒక నర్సమ్మను బ్యాగు, మాస్కు పట్టి చూపమంటే ఆమె తల వంచుకుంది. "బొమ్మ ఒక్కటే సార్, మేం నలభై మందిమి" అంది. నా ఉపన్యాసం విలువ ఆనాడు తెలిసింది.

"నర్సు పొరపాటు చేస్తే ఎవరు బాధ్యులు?" అన్నది మరో వాదన. చేయి కట్టేసి కూర్చోబెట్టినందువల్ల పోయిన ప్రాణానికి బాధ్యులెవరో ముందు చెప్పండి.

రిఫర్ వద్దనడం లేదు. మొదటి చికిత్స చేసి పంపమంటున్నాను. అందుకు నెలకొకసారి కాన్పు గదిలోనే చేతులతో అభ్యాసం జరగాలి. డాక్టరు లేకున్నా మొదటి మోతాదు ఇచ్చే లిఖితపూర్వక అధికారం ఉండాలి. శిక్షణ పొందిన నర్సును మరో వార్డుకు మార్చరాదు.

మీ పీహెచ్‌సీకి వెళ్ళినప్పుడు రెండు ప్రశ్నలు అడగండి. ఆక్సిటోసిన్ ఫ్రిజ్‌లో ఉందా? చివరి అభ్యాసం ఎప్పుడు జరిగింది? నర్సును నిలదీయకండి, ఆమె పక్షాన నిలబడి, పైవారిని అడగండి.