బంతి కనిపించాలి

మైపాడు తీరాన ఇసుకలో గీత గీసి కుర్రాళ్లు చెడుగుడు ఆడటం మనకు కొత్త కాదు. 2014లో మొదలైన ప్రో కబడ్డీ లీగ్ ఆ ఆటను టీవీకి తగ్గట్టు మలచిన తీరే కొత్త. కూతకు 30 సెకన్ల గడువు పెట్టారు. వరుసగా రెండు కూతలు ఖాళీగా పోతే మూడోదానిలో పాయింటు తేవాల్సిందే, లేకుంటే ఔటే. మనవాళ్లని చెప్పుకోవడానికి తెలుగు టైటాన్స్ జట్టు వచ్చింది. కోట్ల మంది టీవీ ముందు కూర్చున్నారు.

హాకీకి ఆ శ్రద్ధ ఎందుకు దక్కదు? 2025 ఫిబ్రవరి 1న హాకీ ఇండియా లీగ్ ఫైనల్లో హైదరాబాద్ తూఫాన్స్ 3-4తో ఓడింది. హైదరాబాద్ పేరున్న జట్టు ఫైనల్ ఆడిందని మన ఊళ్లలో ఎందరికి తెలుసు? టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించిన మహిళల బృందంలో తెలుగు గోల్‌కీపర్ ఎతిమరపు రజని ఉన్నారు. ఆ సంగతీ అంతే.

హాకీ బంతిని తెరమీద వెంబడించడం కష్టం; మంచు హాకీకి ఆ కష్టం ఇంకా ఎక్కువ. అందులో బంతికి బదులు వాడే నల్లటి చిన్న బిళ్ల, పక్, తెరమీద కంటికి ఆనదు. అందుకే 1996లో అమెరికాలో ఫాక్స్ చానెల్ దానిలో పరికరాలు అమర్చి, చుట్టూ నీలి వెలుగు కనిపించేలా చేసింది. పాత అభిమానులు విసుక్కున్నారు, రెండేళ్లకు ఆపేశారు. అయినా కొత్త ప్రేక్షకుడి ఇబ్బందిని గుర్తించిన ప్రయత్నమది.

మన హాకీకీ అలాంటి ప్రయత్నం కావాలి. పెనాల్టీ కార్నర్ అంటే ఏమిటో తెలుగులో విడమరిచి చెప్పే వ్యాఖ్యాత, మారని ప్రసార వేళ: హాకీ నిర్వాహకులు ముందు ఈ రెండూ సమకూర్చాలి.