దానం గేటు బయట, బాకీ గేటు లోపల



కంపెనీలు లాభంలో కొంత సమాజానికి ఖర్చు చేస్తే, అది చూసి కార్మికులు ఉత్సాహంగా పనిచేస్తారని యాజమాన్యాలు చెబుతున్నాయి. ఈ మాటలో సగమే నిజం.

2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉంది. ఏడాదికి 5 కోట్ల నికర లాభమో, 1000 కోట్ల టర్నోవరో, 500 కోట్ల నికర ఆస్తో ఉన్న కంపెనీ, గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సమాజసేవకు ఖర్చు పెట్టాలి. పొదటూరుపేట, పళ్ళిపట్టు వైపు చిన్న మరమగ్గాల షెడ్లు ఈ లెక్కలోకి రావు. పెద్ద మిల్లులు వస్తాయి.

బడికి బెంచీలు, ఊరికి నీళ్ళ ట్యాంకు, కంటి వైద్య శిబిరం మంచి పనులే. ఆ బడిలో చదివేది మన పిల్లలే. "మా మిల్లు కట్టించిన బడి" అని చెప్పుకోవడం మనకూ గర్వమే. కానీ బోనసు బకాయి ఉండగా, పి.ఎఫ్. సొమ్ము సక్రమంగా కట్టకుండా ఉండగా ఆ గర్వం ఎన్నాళ్ళు నిలుస్తుంది? ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు.

మన రైలు దారిలోనే ఉన్న పెరంబూరు చరిత్ర చూడండి. అక్కడి బకింగ్‌హాం, కర్నాటిక్ మిల్లులు కార్మికుల పిల్లలకు బడి నడిపి పేరు తెచ్చుకున్నాయి. అయినా మధ్యాహ్నం అన్నం తినడానికి చాలినంత విరామం లేక, పైవాళ్ళ దురుసుతనం భరించలేక, కార్మికులు 1918 ఏప్రిల్ 27న మద్రాస్ లేబర్ యూనియన్ స్థాపించుకున్నారు. బి.పి. వాడియా దానికి అధ్యక్షుడు. 1921లో అక్కడే నెలల తరబడి సమ్మె సాగింది. బడి పెట్టినంత మాత్రాన మర్యాద లేని లోటు తీరలేదు.

ఇంకొక సంగతి గుర్తుంచుకోండి. కేవలం తన ఉద్యోగుల కోసం కంపెనీ చేసే ఖర్చు ఈ 2 శాతంలో చేరదని నిబంధనలే చెబుతున్నాయి. అది న్యాయమే. తాగునీరు, క్యాంటీను, ఇ.ఎస్.ఐ., పి.ఎఫ్. మనకిచ్చే దానం కాదు, మన హక్కు. హక్కును దానం పద్దులో రాయనివ్వకూడదు.

ఈ ఖర్చు వివరాలు కంపెనీ వార్షిక నివేదికలో ఉండాలి. ప్రతి శాఖ కార్యదర్శీ ఆ నివేదిక తెప్పించి గేట్ మీటింగులో చదివి వినిపించాలి. ఏ ఊరికి ఏం చేయాలో కార్మికులను కూడా అడగమని యాజమాన్యాన్ని కోరాలి. ముందు మన బాకీ తీర్చండి, తర్వాత ఊరికి మేలు చేయండి. అప్పుడు ఉత్సాహం దానంతట అదే వస్తుంది.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!

- కార్యదర్శి