నటన నిలబెట్టింది... కథ వదిలేసింది!

ఒగ్గు కథ చూసినవాళ్లకు ఈ సంగతి తెలిసే ఉంటుంది. ప్రధాన కథకుడు ఊపులో ముందుకు పోతుంటాడు. పక్కన వంత పాడే మనిషి మధ్యలో మాట అందుకుంటాడు. ‘ఎవరామె? ఎందుకొచ్చింది?’ అని అడుగుతాడు. ఆయనకు తెలియక కాదు... కూర్చున్నవాళ్ల బదులు అడుగుతాడు. బీర్పూర్, జగిత్యాల, సిరిసిల్ల వైపు పల్లెల్లో పొద్దుపోయేదాకా సాగే కథలో పిల్లలు, ముసలివాళ్లు కూడా దారి తప్పకపోవడానికి అదో కారణం.

సైకలాజికల్ థ్రిల్లర్‌కి ఆ మనిషి మరీ అవసరం. ఎందుకంటే అందులో హీరో కళ్లను కూడా నమ్మడానికి లేదు. ఈ మాట ఎంత నిజమో తెలియాలంటే మహేష్‌బాబు, సుకుమార్ కలిసి చేసిన ‘1 నేనొక్కడినే’ను మరోసారి చూడాలి. 2014 జనవరి 10న, సంక్రాంతి ముందు విడుదలైందది. పండక్కి ఇంటిల్లిపాదీ కలిసి థియేటర్‌కి వెళ్లిన కుటుంబాలు చాలావరకు బయటికొచ్చి అన్న మాట ఒక్కటే... ‘మహేష్ బాగా చేశాడు. కథే అర్థం కాలేదు’.

అంత అర్థం కానిదేముంది? గౌతమ్ రాక్ స్టార్. తల్లిదండ్రులను ముగ్గురు చంపారని నమ్ముతాడు. ఆ హంతకుల్లో ఒకడు కనిపించాడని వెంటాడతాడు, చంపానని లొంగిపోతాడు. తీరా చూస్తే అక్కడ శవమే లేదు! అంతా అతని ఊహ. మెదడులో గ్రే మ్యాటర్ పాతిక శాతం లోపించిందంటారు డాక్టర్లు. అసలు తల్లిదండ్రులు ఉన్నారా, లేక వాళ్లూ ఊహేనా? ఎంత మంచి ప్రశ్న!

మొదటి సగమంతా మహేష్ ఈ ప్రశ్నను ఒంటిచేత్తో మోశాడు. పంచ్ డైలాగులతో పేరు తెచ్చుకున్న హీరో ఇక్కడ మాట తగ్గించి చూపు మీద ఆధారపడ్డాడు. ఎదురుగా నిలబడ్డవాడు నిజమా, ఊహా అన్నది తేల్చుకోలేనప్పుడు ఆ ముఖంలో కోపం కంటే ముందు సిగ్గు కనిపిస్తుంది. తన మెదడే తనను నలుగురిలో నవ్వులపాలు చేస్తోందన్న సిగ్గు. చిన్ననాటి పాత్రలో ఆయన కొడుకు గౌతమ్ బెదురుచూపులు కూడా గుర్తుండిపోతాయి. రత్నవేలు కెమెరా, దేవిశ్రీప్రసాద్ నేపథ్య సంగీతం ఆ భయానికి తోడయ్యాయి.

మరి ఎక్కడ చెడింది? విరామం దగ్గర ప్రశ్నే మారిపోయింది. ‘ఇతని మనసుకేమైంది?’ అని అడుగుతున్న సినిమా, ‘వీళ్ల అమ్మానాన్న ఎవరు?’ అనే వేట మొదలుపెట్టింది. లండన్ వెళ్లాక ఛేజింగులు, ఆనవాళ్లు, పజిళ్లు ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. ఊహల జబ్బు మాత్రం అవసరమైనప్పుడు పలకరించి పోతుంటుంది. నిజానికి మన బదులు ప్రశ్నలు అడగడానికి ఇందులో ఒక జర్నలిస్టు ఉంది. కృతి సనన్ వేసిన సమీర పాత్ర అది. కానీ కథ ఆమెను అడగనివ్వలేదు. త్వరగానే ప్రేమలో పడేసి, పాటలోకి పంపేసింది.

ఇక అసలు రహస్యం చూడండి. శాస్త్రవేత్త అయిన తండ్రి కనిపెట్టిన బంగారు వరి వంగడం! దాని చుట్టూ కుట్ర. పొలాస పరిశోధనా స్థానం నుంచి వచ్చిన ‘జగిత్యాల సన్నాలు’ పండించిన ప్రాంతమిది. ఒక విత్తనం రైతు ఇంటిని ఎలా మారుస్తుందో ఇక్కడి ప్రేక్షకుడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. అలాంటివాడి గుండె పట్టుకోవాల్సిన విషయాన్ని చివర్లో గబగబా మాటల్లో చెప్పి దాటేశారు. దాదాపు 2 గంటల 50 నిమిషాల సినిమాను విడుదలయ్యాక సుమారు 20 నిమిషాలు కత్తిరించారు. కానీ కథలో చిక్కు నిడివిది కాదే, కత్తెరతో పోవడానికి!

సుకుమార్‌కు కథ చెప్పడం రాదా అంటే, ‘రంగస్థలం’ (2018) చూడండి. చిట్టిబాబుకు సరిగా వినపడదు. ఆ లోపం నవ్వించడానికి పనికొచ్చింది, ప్రేమకు పనికొచ్చింది, గుండె పగిలే మలుపుకీ పనికొచ్చింది. రామ్‌చరణ్ నటన అంతగా పండిందంటే కథ ఆ లోపాన్ని ఎక్కడా మర్చిపోకపోవడమే కారణం. గౌతమ్‌కు దక్కనిది అదే.

ఇది కేవలం సినిమా ముచ్చటేనా? కాదు. లేనిది కనిపించే, లేని మాటలు వినిపించే మనిషి ఉన్న ఇళ్లు మన చుట్టూ ఉన్నాయి. మహేష్ చూపులో ఆ ఇంటివాళ్లు తమ మనిషినే చూసి ఉంటారు. కథ వాళ్లకిచ్చిన జవాబేమిటి? ‘అతను నమ్మిందే నిజం, శత్రువులు నిజంగానే ఉన్నారు’ అని! జబ్బు ఒక మలుపు కోసం వాడిన సరుకైపోయింది. నటుడు అంత నిజాయితీగా చూపించిన బాధకు కథ కూడా అంతే నిజాయితీగా బదులివ్వాలి కదా!

ఆ తర్వాతి ఏళ్లలో ఈ సినిమాకు అభిమానులు పెరిగారు. టీవీలో, ఫోన్లో ఆపి ఆపి చూసుకునే వీలుంటే చిక్కుముళ్లు కొన్ని విడతాయి మరి. ముఖ్యంగా గౌతమ్ తన అమ్మానాన్నల ఆనవాళ్లను చేరుకునే చివరి ఘట్టం కోసమైనా చూడొచ్చు. మాటల్లేకుండా మహేష్ ఏడ్చిన ఆ కాసేపూ కథలోని లోపాలు గుర్తుకురావు.

పిల్లలతో కలిసి చూస్తే మాత్రం సినిమా అయ్యాక ఒక్క మాట చెప్పండి. నిజ జీవితంలో ఇలాంటి జబ్బుకు మందులున్నాయి, డాక్టర్లున్నారు. ఇంట్లో ఎవరికైనా అలాంటి ఇబ్బంది ఉంటే ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416కు ఫోన్ చేయొచ్చు. తెలుగులోనే మాట్లాడొచ్చు. గౌతమ్‌లా ఒక్కడే వెతుక్కుంటూ పోవాల్సిన పనిలేదు.