కారుకు పిల్లలు పుట్టవు



మన జహీరాబాదులో వాక్యం చెప్పేవారికి ఒక ఉదాహరణ ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. "మహీంద్రా ఫ్యాక్టరీని చూడండి. ఇనుప రేకులు వాటంతట అవే వచ్చి ట్రాక్టరు అయ్యాయా? ఇంజనీరు లేకుండా కారు లేదు, ట్రాక్టరు లేదు. మరి దేవుడు లేకుండా మనిషి ఎలా వచ్చాడు?" అంటే సంఘమంతా ఆమేన్ అంటుంది. మేమూ ఎన్నో ఆదివారాలు ఇదే చెప్పాము.

ఒకరోజు ఆరాధన అయ్యాక, ఇంటర్ బైపీసీ చదివే ఒక ఆడబిడ్డ వచ్చి మెల్లగా అడిగింది: "అయ్యగారూ, కారుకు పిల్లలు పుడతాయా?" మేము నవ్వేసి, ప్రశ్నలు తగ్గించి ప్రార్థన పెంచమని చెప్పి పంపించాము. తప్పు చేశాము. మా దగ్గర జవాబు లేదని మాకు లోలోపల తెలుసు. ఆ జవాబు ఈరోజు రాస్తున్నాము.

దేవుడు సృష్టికర్త అని మేము నమ్ముతున్నాము. అందులో సందేహం లేదు. మా పోరాటం ఆ ఉదాహరణతోనే. అది పాతది. 1802లో ఇంగ్లండులో విలియం పేలీ అనే సంఘ సేవకుడు గడియారం ఉంటే దాన్ని చేసినవాడు ఉంటాడని రాశాడు. మనం గడియారం తీసి కారు పెట్టాము, అంతే.

ఎదుటి పక్షం వారూ ఇదే గుంటలో పడ్డారు. 1990లో టిమ్ బెర్రా అనే అమెరికా జీవశాస్త్రవేత్త కార్వెట్ కారు మోడళ్లను వరుసగా చూపించి, పరిణామం ఇలాగే జరుగుతుందన్నాడు. ఆ మోడళ్లన్నీ ఇంజనీర్లు గీసినవే కదా అని ఫిలిప్ జాన్సన్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు ఎగతాళి చేశాడు. ఆ ఎగతాళి న్యాయమే. కాని అది రెండంచుల ఖడ్గం. కారు పరిణామానికి సాక్ష్యం కాకపోతే, పరిణామానికి వ్యతిరేకంగానూ సాక్ష్యం కాదు.

ఎందుకని? మన పల్లెల్లో జొన్న కోతకు ముందు మన అమ్మలు చేలో తిరిగి మంచి కంకులు ఏరుతారు. బూడిద, వేపాకు కలిపి విత్తనం దాస్తారు. ఆ విత్తనం వేస్తే మొక్కలన్నీ అచ్చంగా ఒకేలా రావు. ఒకటి ఎండకు ఆగుతుంది, ఒకటి పురుగుకు లొంగుతుంది. ఆగినదే మళ్లీ విత్తనమవుతుంది. 1859లో డార్విన్ తన పుస్తకాన్ని మొదలుపెట్టింది ఇక్కడి నుంచే, అంటే మనుషులు ఏరి పెంచే పంటలు, పావురాల నుంచే. మనిషి చేసే ఏరుడు పనిని కరువు, చలి, రోగం కూడా చేస్తాయని అతని వాదన. రెండు ట్రాక్టర్లను రాత్రంతా ఒకే షెడ్డులో ఉంచండి, తెల్లారేసరికి పిల్ల ట్రాక్టరు ఉండదు. ఆ బిడ్డ అడిగింది ఇదే.

ఇంకొకటి గమనించండి. మన ఊరి దగ్గర ఒకప్పుడు ఆల్విన్ నిస్సాన్ వారి చిన్న లారీలు తయారయ్యేవి. జపాను డిజైను, జహీరాబాదు తయారీ. ఇంజనీరుకు ఆ స్వేచ్ఛ ఉంటుంది. ఒకచోట బాగున్న భాగాన్ని తెచ్చి మరోచోట బిగిస్తాడు. పవర్ స్టీరింగు కారులోకీ వచ్చింది, ట్రాక్టరులోకీ వచ్చింది. మన కంటికి కనబడే జంతువుల్లో అలా లేదు. గబ్బిలం ఎగురుతుంది, కాని దానికి ఒక్క ఈక లేదు. దాని రెక్కలో ఉన్నవి మన చేతిలో ఉన్న ఎముకలే, వేళ్లు పొడుగ్గా సాగాయి. తిమింగలం తెడ్డులోనూ అవే. మన కంటిలో నరాల పోగులు వెలుతురు వచ్చే వైపున ఉండి, అన్నీ కలిసి లోపలికి దూరిపోయే చోట చూపు లేని చుక్క ఒకటి ఉంది. ఆక్టోపస్ కంటిలో అది లేదు. దేవుడు కంపెనీ ఇంజనీరు వంటివాడైతే, ఆక్టోపస్‌కు ఇచ్చిన డిజైను తన స్వరూపమందు చేసిన మనిషికి ఎందుకు ఇవ్వలేదు? ఈ చిక్కు ప్రశ్న నాస్తికుడు తెచ్చినది కాదు, మన ఉదాహరణే తెచ్చిపెట్టింది. తాతల నాటి ఇంటిని పడగొట్టకుండా గది తర్వాత గది మార్చుకున్నట్టు, జీవులకు ఒక వంశం ఉందనుకుంటే అది విడిపోతుంది.

"హెబ్రీ పత్రిక 3:4 మరిచారా?" అని కొందరు పెద్దలు అడుగుతారు. మరువలేదు. సమస్తమును కట్టినవాడు దేవుడే అని అక్కడుంది, ఏ పద్ధతిలో అన్నది లేదు. ఆదికాండము మొదటి అధ్యాయంలో ఆయన భూమికే ఆజ్ఞ ఇస్తాడు, మొలిపించమని. మార్కు 4వ అధ్యాయంలో రైతు విత్తి నిద్రపోతాడు, లేస్తాడు. విత్తనం ఎలా పెరిగిందో అతనికి తెలియదు, భూమి తనంతట తానే పండిస్తుంది. ఆ ఉపమానం చెప్పినవాడు వడ్రంగి. బల్లలు, కాడులు ఎలా చేస్తారో ఆయనకు తెలుసు. అయినా దేవుని రాజ్యం ఎదగడాన్ని చెప్పడానికి విత్తనాన్నే ఎంచుకున్నాడు. మొలిచే దానిలో దేవుని చెయ్యి లేదని ఆయన అనుకోలేదు. మనమెందుకు అనుకోవాలి? డార్విన్ కాలంలోనే ఆసా గ్రే అనే అమెరికా వృక్షశాస్త్రవేత్త, భక్తిగల ప్రెస్బిటేరియన్ విశ్వాసి, అతని సిద్ధాంతాన్ని సమర్థించాడు. విశ్వాసం వదలలేదు.

2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకం నుంచి పరిణామం పాఠం పోయినప్పుడు 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు అభ్యంతరం చెప్పారు. పీడ పోయిందనుకునే విశ్వాసులారా, ఆగండి. పన్నెండో తరగతి పుస్తకంలో ఆ పాఠం ఉంది. మన బిడ్డలు డాక్టర్లు, నర్సులు కావాలని మోకాళ్లూని ప్రార్థిస్తున్నది మనమే. ఆ చదువులో వారికి గబ్బిలం రెక్క కనబడుతుంది, కారు ఉదాహరణ కూలుతుంది. దాని మీదే విశ్వాసాన్ని నిలబెట్టి ఉంటే, విశ్వాసమూ దానితో కూలుతుంది. అప్పుడు లోకాన్ని నిందించి ఏం లాభం? ఇసుక మీద కట్టింది మనమే.

కాబట్టి సహ సేవకులకు మా మనవి. సృష్టికర్తను ప్రకటించండి, కారును ఫ్యాక్టరీలోనే ఉంచండి. బిడ్డలు ప్రశ్న అడిగితే కూర్చోబెట్టి వినండి. తెలియకపోతే తెలియదనండి. ఆ ఆడబిడ్డకు మేము ఇంటికి వెళ్లి క్షమాపణ చెప్పాము. వచ్చే నెల యౌవనస్థుల కూడికలో జొన్న కంకి పట్టుకొని ఈ పాఠం చెప్పమని ఆమెనే అడిగాము. ఆమె కోసం ప్రార్థించండి.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.