మన ఇంటి మూగజీవాలు: కుక్కకు చేప పెట్టేటప్పుడు



జూన్ మొదటి వారం దాటగానే మృగశిర కార్తె వస్తుంది. ఆనాడు చేపల కూర వండుకొనే కుటుంబాలు మన పల్లెల్లో ఎన్నో. హైదరాబాదులో బషీర్‌బాగ్‌కు దగ్గరలోనే ఉన్న నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబంవారు ఉబ్బస రోగులకు కొర్రమీను పిల్లతో మందు వేసేదీ ఆ కార్తెలోనే. ఆ రోజున ముషీరాబాద్, బేగంబజార్ చేపల మార్కెట్లలో అడుగు పెట్టడానికి చోటుండదు.

భోజనాలు ముగిసిన తరువాత ఏమి జరుగుతుందో గమనించండి. పళ్ళాలలో మిగిలిన ముళ్ళు, తలకాయలు, పులుసు కలిపిన అన్నం అంతా ఒకచోట చేర్చి వాకిట్లో కుక్క ముందు పోస్తాము. బషీర్‌బాగ్‌లో అపార్టుమెంటు గేటు దగ్గరైనా, గోదావరి ఒడ్డున పల్లెలోనైనా ఇది మామూలే. “కుక్కే కదా, ఏదైనా అరిగించుకుంటుంది” అనుకుంటాము. అయితే ఈ అలవాటులో కుక్కకే గాక, ఇంటివారికి సైతం ప్రమాదం ఉన్నది.

చేప కుక్కకు మంచి ఆహారమే. అందులోని మాంసకృత్తులు, నూనెలు దాని కండకు, చర్మానికి, వెంట్రుకలకు మేలు చేస్తాయి. చిక్కేమిటంటే, మేలు చేసే కండ మనం తిని, కీడు చేసే భాగాలు దానికి వేస్తున్నాము. అవేవో ఒక్కొక్కటిగా చూద్దాము.

1. ముళ్ళు: కుక్క మనలాగా నమిలి తినదు, గబగబా మింగుతుంది. వండిన ముల్లు గొంతులో గుచ్చుకోవచ్చు, లేదా కడుపులో, పేగులలో రంధ్రం చేయవచ్చు. బొచ్చె, రవ్వ చేపల కండలో చీలిక ముళ్ళు దాగి ఉంటాయి. పులసలో ముళ్ళు మరీ ఎక్కువ. కొర్రమీనులో నడిమి ముల్లు తీసివేస్తే సన్న ముళ్ళు అంతగా ఉండవు కాబట్టి కుక్కకు పెట్టడానికి అది అనుకూలం.

2. కూర, పులుసు: ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తంలోని ఎర్ర కణాలను పాడు చేస్తాయి. వండినా ఆ గుణం పోదు. కుక్క బరువులో కిలోకు 15 నుండి 30 గ్రాముల ఉల్లి చాలు, రక్తంలో మార్పు కనబడుతుంది. అంటే పది కిలోల కుక్కకు రెండు మూడు ఉల్లిపాయలు. నీరసం, చిగుళ్ళు పాలిపోవడం, మూత్రం ఎర్రబడడం వంటి లక్షణాలు కొన్ని రోజుల తరువాత గాని కనబడవు. అందుచేత తిన్న కూరే కారణమని మనకు తోచదు.

3. పచ్చి చేప: 1932లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో చాస్టెక్ అనే ఆయన నక్కల ఫారంలో నక్కలు కాళ్ళు పడిపోయి చనిపోయాయి. వాటికి పచ్చి కార్ప్ చేపలు మేపడమే కారణమని తరువాత తేలింది. కార్ప్ చేపలలో బి1 విటమిన్‌ను నాశనం చేసే పదార్థం ఒకటి ఉన్నది. మన బొచ్చె, రవ్వ కూడా కార్ప్ కుటుంబానివే. ఉడికిస్తే ఆ పదార్థం నశిస్తుంది, పచ్చి చేపలో ఉండగల నులిపురుగుల పిల్లలు కూడా చస్తాయి. కావున పచ్చి చేప ఎన్నడూ వేయరాదు.

4. పొట్టలోని భాగాలు: చేప కోసేటప్పుడు తీసిన పేగులు, చేదు తిత్తి కుక్కకు విసరకండి. రవ్వ చేప చేదు తిత్తిని మందని మింగిన మనుషులకు మూత్రపిండాలు చెడిపోయిన సంఘటనలు మన దేశంలోనే నమోదైనవి. వాటిని గోతిలో పూడ్చడం మేలు.

5. ఎండు చేపలు, ఉప్పు చేపలు: వీటిలోని ఉప్పు కుక్కకు చాలా ఎక్కువ. దాహం, వాంతులు పట్టుకుంటాయి. ఎక్కువగా తింటే మెదడుపై కూడా పని చేస్తుంది.

6. చెడిన చేప: వాసన వచ్చిన కానాగంతలు, కవ్వళ్ళ వంటి సముద్రపు చేపలలో ఒక విషపదార్థం పుడుతుంది. ఎంత మరిగించినా అది పోదు. మనం తినలేనిది కుక్కకూ వద్దు.

మరి ఎట్లా పెట్టాలి? తల్లులారా, ఇది చాలా సులభం. కూరలో ఉల్లి, కారం పడక ముందే కుక్క వంతు తీసి పక్కన పెట్టండి. ఆ ముక్కలను మంచినీళ్ళతో కడిగి, ఉప్పు లేకుండా ఉడికించండి. చల్లారాక వేళ్ళతో నలిపి, తగిలిన ప్రతి ముల్లూ తీసివేసి, అన్నంలో కలిపి పెట్టండి. పది కిలోల కుక్కకు 50, 60 గ్రాములు, వారానికి ఒకటి రెండు సార్లు చాలు. మొదటిసారి చిన్న ముక్క వేసి, విరేచనాలు గాని దురద గాని వస్తాయేమో ఒక రోజు చూడండి.

ముల్లు ఇరుక్కున్నదని తోస్తే అన్నం ముద్దలు మింగించి దింపాలని చూడకండి. బలవంతంగా వాంతి చేయించకండి. చెరువు గట్టున గాలం మింగిన కుక్క నోటి నుండి దారం వ్రేలాడుతుంటే దానిని లాగకండి. తక్షణమే పశువైద్యుని వద్దకు తీసుకొనిపోండి.

చివరగా చెప్పబోయేది అన్నిటికంటె ముఖ్యము. కుక్క దవడ జారి, చొంగ కారుస్తూ, మింగలేక బాధపడుతుంటే “గొంతులో ముల్లు పడింది” అని ఇంటివారు జాలితో నోట్లో చెయ్యి పెడతారు. రేబిస్ వ్యాధి పట్టిన కుక్క కూడా అచ్చం అట్లాగే కనబడుతుంది. కరవక పోయినా, చేతిమీద చిన్న గీరు ఉంటే చాలు, చొంగ ద్వారా ఆ వ్యాధి సోకగలదు. ఒకసారి లక్షణాలు బయటపడితే మనిషి బ్రతకడం దాదాపు అసాధ్యం. కావున అటువంటి కుక్క నోటిలో చెయ్యి పెట్టకండి, పిల్లలను దగ్గరకు రానీయకండి. చొంగ తగిలినా, కరచినా సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు టీకా కోసం వెళ్ళండి. బషీర్‌బాగ్ ప్రాంతంవారికి నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ దగ్గరలోనే ఉన్నది. పల్లెలవారు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళండి. మీ కుక్కకు మూడు నెలల వయసులో మొదటి రేబిస్ టీకా, ఆ తరువాత పశువైద్యుడు చెప్పిన ప్రకారం ఏటేటా వేయించండి.

రాత్రింబవళ్ళు మన గడప కాచే ప్రాణి అది. ఈసారి చేపలు తెచ్చినప్పుడు దాని వంతు ఎంగిలి పళ్ళెంలో నుండి గాక, పొయ్యి ఎక్కక ముందే వేరుగా తీయండి. ఖర్చు ఒక ముక్క, శ్రమ పది నిమిషాలు.